సీసా నడుముకు ఎర్ర పోగు

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకు నేను వైన్స్ ముందు నిలబడి ఉన్నాను. అందులో వింతేమీ లేదు, చాలా పొద్దులు నాకు అక్కడే తెల్లారేవి. షట్టరు పదింటికి గానీ లేవదు. నాలాంటి పాత గిరాకీ వచ్చి రెండుసార్లు తడితే మాత్రం జానెడు ఎత్తు లేస్తుంది, కింది నుంచి ఒక చెయ్యి సీసా అందిస్తుంది. ఆ రోజు నేను నా కోసం రాలేదు, చచ్చిపోయిన మనిషి కోసం వచ్చాను. అందుకని కొంచెం గర్వంగా కూడా ఉంది.

పోయినవాడు పర్శరాములు. సిరిసిల్లలో లింగమూర్తి గారి సాంచాల ఖార్ఖానాలో పద్దెనిమిదేళ్లు నా పక్కన నిలబడి గుడ్డ నేసిన మనిషి. మరమగ్గాలను మేం సాంచాలంటాం. అతనికి ఎనిమిది, నాకు ఎనిమిది, నడుమ ఒక మనిషి పట్టేంత సందు. ఆ మోతలో ఎంత అరిచినా మాట వినపడదు గనక ఒకరి పెదాలు ఒకరం చూసి మాట్లాడుకునేవాళ్లం. షిఫ్టు దిగగానే ఇద్దరం కలిసి ఒక క్వార్టర్ కొనేవాళ్లం. కొన్నేళ్లకు అది రెండయింది. తర్వాత పొద్దున కూడా మొదలైంది.

పంచుకునే దగ్గర పర్శన్న చాలా కచ్చితమైన మనిషి. జేబులో ఎప్పుడూ ఎర్ర పోగు ముక్కలుండేవి. సీసా నడుముకు పోగు చుట్టి, కొసలు నోట్లో పెట్టి తడిపి, తెగిన దారాన్ని అతికేటప్పుడు మేం వేసే సన్నముడి వేసేవాడు. పోగు దాకా నాకు, పోగు కిందిది అతనికి. చుక్క అటూ ఇటూ పోనిచ్చేవాడు కాదు. "సగం నీకు, సగం నాకు" అనేవాడు. బీడీ అయినా మిరపకాయ బజ్జీ అయినా అదే మాట.

పోయిన ఎండాకాలం అతని కళ్లు పచ్చబడ్డాయి. ఒక్కడే కరీంనగర్ పెద్దాసుపత్రికి పోయి చూపించుకొని, మందు మాన్పించే వార్డులో చేరమని రాసిన చీటీ తెచ్చుకున్నాడు. నాలుగు మడతలు పెట్టిన ఆ చీటీ నాకు చూపించి, ఒక్కనికి భయమైతుంది, నువ్వు గూడ రా, ఇద్దరం చేరుదాం అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నాకేం రోగం, నేనేమన్నా తాగుబోతునా అన్నాను. ఈ వారం పోనీ, పై వారం చూద్దాం అన్నాను. అట్లా వారాలు జరుపుతూనే ఉన్నాను. మొన్న ఆదివారం రక్తం కక్కుకొని అతను పోయాడు. బట్టలు మార్చేటప్పుడు చూస్తే చీటీ చొక్కా జేబులోనే ఉందట.

మా దగ్గర మూడోనాడు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి వాగు ఒడ్డున విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. కాకి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. పర్శన్న భార్య వనజ ఆ పొద్దున నన్ను పిలిచి, ఆయన తాగేదేదో నీకే ఎరుక, నువ్వే తీసుకురా అన్నా అని చెప్పింది.

షట్టరు కింది నుంచి సీసా అందుకున్న చెయ్యి వణికింది. నా చెయ్యి రోజూ పొద్దున వణుకుతుంది, లోపల చుక్క పడితే ఆగుతుంది. పిట్టకు పెట్టే రోజు కదా అని ఆ పొద్దున మర్యాదకు ఏమీ తాగకుండా వచ్చాను. షాపు వెనక గోడ నీడలో నిలబడి సీసాను చూశాను. ఎట్లాగూ ఇందులో సగం నాదే కదా అనిపించింది. మూత తిప్పి సరిగ్గా సగం తాగాను. చెయ్యి కుదురుకుంది. అప్పుడు చేతిలో మిగిలిన సగం సీసాను చూస్తే సిగ్గేసింది. పక్కనే బోరింగు ఉంటే కొట్టి, ఖాళీ మేర నీళ్లు నింపి, మూత బిగించి, తువ్వాలుతో తుడిచి నడిచాను. చచ్చినవాడి నోటి దగ్గరిది తాగానన్న సంగతి అప్పుడు తట్టలేదు. తట్టినా తాగేవాణ్ణే.

మానేరు ఒడ్డున ఎండ చురుక్కుమంటోంది. నీళ్లు వెనక్కి పోయిన చోట ఒండ్రు ఎండి పగుళ్లిచ్చింది. ఎండు చేపల వాసన, ఎక్కడో ఆరిపోయిన కట్టెల వాసన. పర్శన్న తల్లి కిష్టవ్వ విస్తరి పరిచి అన్నం, మటన్ కూర, ఉల్లిగడ్డ, బీడీల కట్ట పెట్టింది. గాజు గ్లాసులో మందు నేనే పోశాను. రంగు పలచగా కనిపించింది. అందరం ఇరవై అడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాం.

కాకులు వచ్చాయి గానీ దిగలేదు. చాలాసేపటికి ఒకటి దిగి విస్తరి దగ్గరికి నడిచింది. కూర వైపు చూడకుండా నేరుగా గ్లాసు దగ్గరికి పోయి ముక్కు ముంచింది. వెంటనే తల విదిలించి రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత మెడ తిప్పి, అక్కడ నిలబడ్డ ఇంతమందిలో నన్ను చూసింది.

కాకి చూపులో ఏముంటుందని మీరనవచ్చు. నేనూ అట్లాగే అనుకోబోయాను. కానీ అది చూపు తిప్పలేదు.

ఇంటివాళ్లు ఒక్కొక్కరే మాట ఇవ్వసాగారు. పిల్లల్ని చదివిస్తానని వనజ మొక్కింది. నేను మంచిగనే ఉంటా, నా ఫికర్ చెయ్యకు కొడుకా అని కిష్టవ్వ అంది. కాకి కదల్లేదు, ముట్టలేదు. చివరికి కిష్టవ్వ నా వైపు తిరిగి, నువ్వంటే వానికి పాణం, నువ్వు గూడ ఒక మాట చెప్పు అంది. నేను ముందుకు వచ్చి, ఇంటోళ్లను నేను చూసుకుంట పర్శన్నా అన్నాను. నోరు తెరవగానే నా నోటి వాసన నాకే కొట్టింది. కాకి అరవకుండా లేచి మానేరు మీదుగా పోయింది. మిగతావీ దాని వెనకే పోయాయి.

రెండింటి దాకా చూసి, ఇక రాదని అన్నం ఆవుకు పెట్టించారు. కిష్టవ్వ గ్లాసు ఎత్తి వాసన చూసింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. నా వైపు చూడకుండానే గ్లాసును మెల్లగా మట్టిలోకి వంచింది. ఆమె అందరి ముందూ నన్ను తిట్టినా బాగుండేది.

స్నానం చేసి ఇంటికి పోయాను. పిట్ట ముట్టిందా అని నా భార్య రోజారాణి అడిగితే ముట్టిందన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. నా మాటల్లో నిజమెంతో వెతకడం ఆమె ఎప్పుడో మానేసింది. నాలుగయ్యేసరికి చేతులు మళ్లీ మొదలుపెట్టాయి. ఇంట్లో తాగితే మా బిడ్డ అలేఖ్య చూస్తుంది. ఖార్ఖానాలో దారపు కండెల బుట్ట అడుగున నేను దాచుకున్న సీసా ఒకటుంది. పర్శన్న పోయినందుకు నాలుగు రోజులు ఖార్ఖానా బందు. తాళంచెవి నా దగ్గరే ఉంది.

లోపలికి పోయి తలుపుకు గడియ పెట్టుకున్నాను. యంత్రాలకు రాసే నూనె వాసన, దారం దుమ్ము వాసన. ఎండకు వేడెక్కిన పైరేకులు ఉండి ఉండి టిక్కుమంటున్నాయి. మెయిన్ స్విచ్ కిందికి దించి ఆపేసి ఉంది. పదహారు సాంచాలు నోరు మూసుకొని నిలబడి ఉంటే ఆ జాగా నాకు కొత్తగా ఉంది. పద్దెనిమిదేళ్లలో అక్కడ అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

బుట్టలో చెయ్యి పెట్టి సీసా తీశాను. నడుముకు ఎర్ర పోగు కట్టి ఉంది.

నేను కట్టలేదు. ఆ సీసా కొన్నదే పర్శన్న పోయిన మరునాడు. వేలితో ముడిని తాకాను. తడిగా ఉంది. ఇప్పుడే ఎవరో నోట్లో పెట్టుకొని తీసినంత తడి.

భయమేసింది. భయమేసినా మూత తిప్పాను. ఇది దాచిపెట్టి చెప్పను, ఆ క్షణం నాకు దెయ్యం కన్నా దాహమే పెద్దది. ఒక గుక్క తాగాను. నీళ్లు. ఇంకో గుక్క… నీళ్లే. బోరింగు నీళ్ల ఇనుప రుచి. వాసన చూస్తే మందు, నోట్లో పోస్తే నీళ్లు. పోగు దాకా తాగాను. నాలుక పిడచకట్టుకుపోయింది.

టక్.

పర్శన్న వైపు మూడో సాంచ. ఒక్క దెబ్బ కొట్టి ఆగింది. నేను స్విచ్ వైపు చూశాను. కిందికే ఉంది.

టక్… టక్. పక్కది కదిలింది. దాని పక్కది. ఎనిమిదీ ఒక్కసారే అందుకున్నాయి. దారం మోసే నాడెలు అటూ ఇటూ పరుగెత్తుతున్నాయి… వాటిలో దారం లేదు. నేల అదురుతోంది. తలుపు దగ్గరికి పోదామని తిరిగాను. మా ఇద్దరి నడుమ ఉండే ఆ సందులో అతను నిలబడి ఉన్నాడు.

వీపు నా వైపు ఉంది. వంగి తెగిన పోగు అతుకుతున్నట్టు చేతులు ఆడుతున్నాయి. మెల్లగా తిరిగాడు. పచ్చటి కళ్లు. గడ్డం మీద ఎండిన నెత్తురు. పెదాలు కదిలాయి. ఆ మోతలో మాట వినపడలేదు. వినపడనక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు చదివిన పెదాలు.

"నా సగం…"

వెనక్కి వెనక్కి జరిగాను. కాలికి ఏదో తగిలింది. పడ్డాను… పడుతూనే ఉన్నాను.

కళ్లు తెరిస్తే ఎండ. మానేరు ఒడ్డు. నా ముందు విస్తరి. అందులో అన్నం, బోటి కూర. బోటి కూర పర్శన్నకు పడదు. అది నాకిష్టం. పక్కన నా బీడీలు. గ్లాసు నిండా మందు.

ఇరవై అడుగుల దూరంలో మనుషులు. లింగమూర్తి ఉన్నాడు. కిష్టవ్వ ఉంది. అలేఖ్య నా చెప్పులు రెండు చేతుల్లో పట్టుకొని నిలబడింది. పక్కన రోజారాణి. రోజా అని పిలిచాను. ఎవరూ చూడలేదు. ఇంకోసారి అరిచాను. అలేఖ్య నా మీదుగా ఆకాశంలోకి చూస్తోంది, కాకి కోసం.

రోజారాణి ఏడవడం లేదు. తల మీది బరువు దించుకున్న మనిషిలా ఉంది. విస్తరి వైపు చూసి మెల్లగా అంది.

"ఇగ తాగు. నేనేమన. బిడ్డ గూడ ఏమనది."

ఆ మాటకు నాకు గుండె పగిలింది. పద్దెనిమిదేళ్లలో ఆమె అట్లా అనాలని నేనెన్నిసార్లు కోరుకున్నానో.

గ్లాసు వైపు వంగాను. వంగొద్దు అనుకుంటూనే వంగాను. గ్లాసు నడుముకు ఎర్ర పోగు. ఇసుక మీద నా నీడ చూశాను. చేతులు లేవు. సన్నటి రెండు కాళ్లు… పొడుగాటి ముక్కు. మెడ మీద ఎవరిదో చల్లటి ఊపిరి. తల తిప్పి చూస్తే పర్శన్న పెదాలు, అవే రెండు మాటలు.

ముడితే… అయిపోతుంది. ముట్టింది అని వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. స్నానాలు చేసి ఇంటికి పోతారు. నాకోసం ఇక ఎవరూ తలుపు దగ్గర కూర్చోరు. ముక్కు గ్లాసుకు వేలెడు దూరంలో ఉంది. నేను ఆపలేకపోతున్నాను. ఎప్పుడూ ఆపలేకపోయాను. మానాలనుకుంటే మానగలనని నేను చెప్పుకున్న మాట, అన్నేళ్లూ అబద్ధమే.

"పర్శన్నా," అన్నాను. గొంతు కాకి గొంతులా వచ్చింది. "నాకు భయమైతుంది… నా ఒక్కనితోని కాదు…"

అతని పెదాలు ఆగాయి.

తలుపు పగిలిన చప్పుడైంది. రోజారాణి నా తల ఒళ్లో పెట్టుకొని మొహం మీద నీళ్లు చల్లుతోంది. లింగమూర్తి స్విచ్ బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. సాంచాలు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. అప్పుడే సాయంత్రమైందా అని అడిగాను. మరునాడు మధ్యాహ్నమని చెప్పారు. రాత్రంతా ఊళ్లోని బెల్టు షాపులన్నీ, బస్టాండూ వెతికారట. ఖార్ఖానా బందు కదా అని ఇక్కడ చూడటం తట్టలేదట. నా ఒళ్లంతా చెమట, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. కుడి చేతి పిడికిలి విడదీయడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. అందులో సీసా ఉంది. నిండుగా ఉంది. మూతకు సీలు కూడా తెగలేదు. నడుముకు ఎర్ర పోగు మాత్రం అట్లాగే ఉంది.

లింగమూర్తి బయటికి పోయేదాకా ఆగి, రోజారాణికి చెప్పాను.

"నేను తాగుబోతును రోజా. పిట్టకు పెట్టే మందు గూడ తాగి నీళ్లు పోసిన. నాతోని అయితలేదు. నన్ను దవాఖానకు తీస్కపో."

ఆమె నా మొహంలోకి చూసింది. ఇట్లాంటి మాటలు ఎన్ని వినలేదు ఆమె. కానీ దవాఖాన అన్న మాట నా నోట రావడం అదే మొదలు.

"చెప్పులేస్కో," అంది.

బస్టాండుకు పోయే దారిలో పర్శన్న ఇంటి ముందు ఆగాం. సీసా కిష్టవ్వ చేతిలో పెట్టి, చేసిన పని చెప్పాను. చెప్పులతో కొడుతుందనుకున్నాను. ఆమె సీసా కొంగులో చుట్టుకుంది.

"నాలికె మీద పెట్టుకున్నప్పుడే ఎర్కైంది బిడ్డా. రేపు మల్ల పెడ్త. నువ్వు రాకు. నువ్వు పొయ్యేకాడికి పో."

వనజ లోపలికి పోయి నాలుగు మడతల చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని కరీంనగర్ బస్సెక్కాను.

వార్డులో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నేను చెప్పిందంతా నవ్వకుండా విన్నది. ఏళ్ల తరబడి తాగే ఒంటికి ఉన్నట్టుండి మందు పడకపోతే లేని మనుషులు కనిపిస్తారనీ, లేని చప్పుళ్లు వినిపిస్తాయనీ, ఇంకో రెండు మూడు రోజులు అట్లా ఉండొచ్చనీ చెప్పింది. ఇక్కడే ఉండండి, మేం చూసుకుంటాం అంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. ఈ మాట వినడానికే కదా పర్శన్న నన్ను తోడు రమ్మన్నది. కిటికీ పక్క మంచం నాకిచ్చారు. నా పక్క మంచం ఖాళీగా ఉంది.

తెల్లారి నర్సమ్మ కొత్త సెలైన్ బాటిల్ తగిలించి సూది సరిచేసి పోయింది. చుక్కలు పడటం చూస్తూ పడుకున్నాను. చేతులు వణుకుతున్నాయి గానీ మనసు కుదురుగా ఉంది. పర్శన్న పెదాలు గుర్తొచ్చినప్పుడల్లా డాక్టరమ్మ మాట తలుచుకున్నాను. లేనిది కనిపించింది, అంతే. మందులు పడితే పోతుంది.

పదింటికి రోజారాణి ఫోను నా చెవి దగ్గర పెట్టింది. వనజ. ఊపిరి ఆడనట్టు మాట్లాడుతోంది. పిట్ట వచ్చిందట. అన్నం ముట్టింది, కూర ముట్టింది, అంతా తిన్నదట.

"మందు ముట్టలేదన్నా. గ్లాసును ముక్కుతోని బోర్లేసి పోయింది."

నాకు గుండెల మీద నుంచి ఏదో దిగిపోయింది. రోజారాణి కళ్లు తుడుచుకొని చాయ్ తెస్తానని కిందికి పోయింది. నాకు కునుకు పట్టింది.

నర్సమ్మ గొంతుకు మెలకువ వచ్చింది. ఆమె సెలైన్ పైపును వేలితో కొడుతోంది. సూది మంచిగనే ఉంది, పైపు మడత పడలేదు, చుక్క ఎందుకు పడటం లేదో అంటోంది. బాటిల్ సగానికి దిగి ఆగిపోయింది.

"గిది ఎవరు కట్టిండ్రు? నేను పెట్టినప్పుడైతే లేకుండె."

తల ఎత్తి చూశాను. బాటిల్ నడుముకు ఎర్ర పోగు. నీళ్లు సరిగ్గా దాని దాకా దిగి ఉన్నాయి. వార్డులో ఎవరూ దగ్గరికి రాలేదని ఎదుటి మంచం ముసలాయన చెబుతున్నాడు. ఆమె కత్తెర కోసం పోయింది. నేను సూది లేని చెయ్యి పైకి చాపి, రెండు వేళ్లతో ముడిని పట్టుకున్నాను.

తడిగా ఉంది.